ఇద్దరూ గదిలో ఉండాలి

"ఈ మఫిన్ చూశావా?" అన్నాడు సార్జెంట్ కొవాల్‌చుక్. "ముసలాయన కోటు జేబులో దొరికింది. టిష్యూలో చుట్టి దాచుకున్నాడు. ఒక్క ముక్క కూడా కొరకలేదు."

ధరణి చూసింది. మఫిన్ నలిగి పొడిపొడిగా అయిపోయింది.

"రెండో జేబులో బిస్కెట్లు. భోజనం టేబుల్ మీద ఆయన సూప్ గిన్నె నిండుగా అలాగే ఉంది, పైన న్యాప్‌కిన్ కప్పి. పొద్దుటి నుంచి ఇక్కడ పెట్టింది ఒక్కటి కూడా ఆ మనిషి నోట పెట్టలేదు. ఎందుకంటావు?"

"ఆకలి లేదేమో."

"కాదు. వాటిలో ఏం కలిసి ఉంటుందో ఆయనకు తెలుసు కనుక."

దాన్ని కాదనడానికి ధరణి దగ్గర ఆధారమేదీ లేదు. అదే ఆమెకు ఒళ్ళు మండించింది.

ఇద్దరూ నిలబడ్డది మంచు మీద రాళ్ళు జరిపే కర్లింగ్ ఆట క్లబ్బు వంటగదిలో. సస్కటూన్ నగరం దాటి రెండు గంటలు డ్రైవ్ చేస్తే వచ్చే చిన్న ఊరు అది. ఎన్నికల నియోజకవర్గాలకు కొత్త హద్దులు గీసే కమిషన్ నిన్న అక్కడ ఆఖరి బహిరంగ విచారణ పెట్టింది. అది ముగిసేసరికి మంచు తుఫాను దిగింది. హైవే మూసేశారు. అందరూ ఎదురుగా ఉన్న మోటెల్లో పడుకుని, పొద్దున్నే ఒకరి చేయి ఒకరు పట్టుకుని రోడ్డు దాటి మళ్ళీ ఈ హాలుకే వచ్చారు. కిటికీల బయట తెల్లటి గోడ కట్టినట్టుంది. అంబులెన్స్ రాదు. ఎవరూ పోలేరు.

కమిషన్లో సభ్యులు ముగ్గురు. అధ్యక్షుడు రిటైర్డ్ జడ్జి మెక్రే. పాలక పార్టీ తరఫున డోరీన్ ఫ్రీసెన్ అనే ఒక స్కూలు ప్రిన్సిపాల్. ప్రతిపక్షం తరఫున కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే జాగ్రఫీ ప్రొఫెసర్‌గా రిటైరైన సంతోషం గారు. పూర్వం అధికారంలో ఎవరుంటే వాళ్ళు తమకు కలిసొచ్చేట్టు హద్దులు గీసుకునేవారట. అందుకని చట్టంలో ఒక షరతు పెట్టారు. ఓటు వేసే వేళకు రెండు పార్టీల సభ్యులూ గదిలో ఉండాలి. ఒక్కరు లేకపోయినా ఓటు చెల్లదు.

ఆ ఓటు ఈ సాయంత్రం నాలుగింటికి. కమిషన్ గడువు కూడా ఈ రోజుతో సరి. మ్యాపు ఆమోదం కాకపోతే ఇంకో పదేళ్ళు పాత మ్యాపే.

పొద్దున టీ విరామంలో డోరీన్ ఒక కప్పు కాఫీ తాగింది. కాసేపటికి మాట్లాడుతూ మాట్లాడుతూనే కుర్చీలో ఒరిగిపోయింది. మొదట నీరసమనుకున్నారు. ఊరి నర్సు వచ్చి చూసి నిద్రమాత్రలని తేల్చింది. ఊపిరి బాగానే ఉంది, ప్రాణానికి భయం లేదు, ఎప్పుడు లేస్తుందో మాత్రం చెప్పలేనంది. కాఫీ కాచిన పెద్ద పాత్రలోంచి అందరూ తాగారు. ఎవరికీ ఏమీ కాలేదు. మందు ఉన్నది ఆ ఒక్క కప్పులో. ఆ కప్పు డోరీన్ చేతికిచ్చింది సంతోషం గారు. జడ్జి కళ్ళారా చూశారు. పైగా సంతోషం గారి సంచిలో ఆయన నిద్రమాత్రల సీసా దొరికింది. ఉండాల్సినన్ని మాత్రలు అందులో లేవు.

"ఇన్సూరెన్స్ కేసులు కావమ్మా ఇవి," అన్నాడు సార్జెంట్. ధరణి స్కార్‌బరోలో చాలాకాలం దొంగ యాక్సిడెంట్లు పట్టిన డిటెక్టివ్ అని ఎవరో అతనికి చెప్పారు. కమిషన్ ఆమెను భద్రతకోసం పెట్టుకోవడం అతనికి మొదటి నుంచీ గిట్టలేదు. "అవతలి పార్టీ మనిషిని పడుకోబెడితే ఓటు ఆగిపోతుంది. కారణముంది, మందుంది, చేయి ఉంది. ఇంకేం కావాలి నీకు?"

"ఓటు ఆగితే ఆయనకేం లాభం? ఆ మ్యాపు సగం ఆయన గీసిందే."

"అది ఆయన్నే అడుగు. నాతో ఒక్క ముక్క మాట్లాడడం లేదు. మీవాడేగా, నీతో మాట్లాడతాడేమో."

ఆ 'మీవాడు' ధరణి చెవికి గుచ్చుకుంది.

వాళ్ళు హాల్లోకి వచ్చేసరికి జడ్జి మెక్రే టేబుల్ దగ్గర ఒంటరిగా ఉన్నారు. కొంచెం దూరంలో గోడకు ఆనుకుని ఆరన్ నిలబడి ఉన్నాడు. ప్రతిపక్ష పార్టీ ఆఫీసులో పనిచేసే కుర్రాడు. సంతోషం గారిని కార్లో ఇక్కడికి తీసుకొచ్చింది అతనే. వాళ్ళ నాన్నా సంతోషం గారూ ఒకే చర్చి.

"సార్, ఆ ప్రొఫెసర్‌ని అరెస్టు చేస్తున్నాను," అన్నాడు సార్జెంట్. "ఆయన్ని కమిషన్లోంచి తీసేయండి."

జడ్జి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అరెస్టు మీ పని. తీసేయడం నా చేతిలో లేదు. ఒక మనిషి మీద నేరం రుజువయ్యేదాకా అతను సభ్యుడే. కానీ ఒకటి వినండి, అందరూ వినండి. ఇందులో ఏదో ఒక పార్టీ చేయి ఉందని నా ముందు బయటపడితే మాత్రం ఆ క్షణమే ఓటు ఆపేసి, కమిషన్ మూసేసి, స్పీకర్‌కి నివేదించాలి. చట్టం నాకింకో దారి ఇవ్వలేదు."

ఆరన్ నేలచూపులు చూస్తున్నాడు. భయపడ్డాడేమోలే అనుకుంది ధరణి అప్పుడు.

*

సంతోషం గారిని కోట్లు తగిలించే గదిలో పెట్టి తాళం వేశారు. దానికి కిటికీ లేదు. తడి ఉన్ని వాసన. రెండు వరుసల కోట్ల మధ్య ఇనప కుర్చీలో ఆయన నిటారుగా కూర్చుని ఉన్నారు. సన్నటి మనిషి. తలకు నున్నగా నూనె రాసి దువ్వుకున్నారు, మొహం కడిగిన ముత్యంలా ఉంది. పెదవులు మాత్రం ఎండి తెల్లగా పగిలాయి.

"రామ్మా ధరణీ," అన్నారు, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు. "కూర్చోమనడానికి ఇంకో కుర్చీ లేదు."

"పర్లేదండీ. డోరీన్‌కి ఇచ్చిన కాఫీ మీకెక్కడిది?"

"నా చేతిలో ఉంది. ఆవిడ బయట కారు ఇంజను గడ్డకట్టకుండా హీటర్ తగిలించి వణుకుతూ వచ్చింది. తాగమ్మా, నేను ముట్టుకోలేదు అని ఇచ్చాను."

"మీ చేతికెలా వచ్చింది?"

ఆయన నవ్వి ఊరుకున్నారు.

"సంతోషం గారూ, బయట సార్జెంట్ మీకు సంకెళ్ళు సిద్ధం చేసుకుంటున్నాడు. ఎవరిచ్చారో చెబితే చాలు."

"ఇచ్చినవాళ్ళు మంచి మనసుతో ఇచ్చారు. అంతే రాసుకో."

"మరి మీరెందుకు తాగలేదు?"

ఆయన పక్కన వేలాడుతున్న కోటు మడత సర్దారు. ధరణికి విసుగొచ్చింది. తలుపు పక్క చిన్న బల్ల మీదున్న నీళ్ళ బాటిల్ తీసి ఇచ్చింది. "కనీసం నీళ్ళన్నా తాగండి. పెదాలు చూడండి ఎలా అయ్యాయో."

"థాంక్సమ్మా," అని ఆయన రెండు చేతులా అందుకున్నారు. మూత మీద వేళ్ళు పెట్టారు. తిప్పబోయినట్టే చేసి, మాటల్లో పడినట్టు బాటిల్‌ని మెల్లగా కుర్చీ కిందకి దించేశారు. చూసేవాళ్ళకు ఆయన తాగలేదని కూడా తోచదు. ఎంతో అలవాటైన పని అది.

ధరణి బుర్రలో చటుక్కున ఒక దీపం వెలిగింది.

కాకినాడలో వాళ్ళ పక్కింట్లో కమలకుమారి టీచరు గారుండేవారు. వారంలో ఒకరోజు ధరణి వాళ్ళమ్మ పెసరట్టో, ఉప్మానో పంపితే ఆవిడ నవ్వుతూ తీసుకుని మూత పెట్టేవారు. వద్దనేవారు కాదు. ఆ రోజు ఇంకా శుభ్రంగా తల దువ్వుకుని, పౌడరు రాసుకుని బడికెళ్ళేవారు. దీపాల వేళ చర్చి నుంచి వచ్చాకే అన్నం. ఎవరైనా అడిగినా చెప్పేవారు కాదు. చెప్పుకుంటే అది దేవుడి కోసం చేసినట్టు కాదని ఆవిడ నమ్మకం.

ఈ రోజు శుక్రవారం.

"ఉపవాస ప్రార్థన ఎన్నింటికండీ మీకు?" అంది ధరణి మెల్లగా.

ఆయన కళ్ళెత్తారు. దొరికిపోయిన చిన్నపిల్లాడిలా చూశారు. "నీకెవరు చెప్పారు?"

"మీ జేబులో మఫిన్ చెప్పింది."

"ఆ క్లబ్బు ఆడవాళ్ళు అంత ప్రేమగా చేసి తెచ్చారమ్మా. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. ఎందుకు వద్దో చెబితే నాదంతా డాబు అవుతుంది. జేబులో వేసుకున్నాను." ఆయన తల దించుకున్నారు. "ఇది ఆ సార్జెంట్‌తో అనకు."

"అనకపోతే మిమ్మల్ని జైల్లో వేస్తాడండీ! మీరు తినకపోవడమే వాడికి సాక్ష్యమైంది."

"ఈ రోజు శుక్రవారమని నేను చెప్పుకుని బయటపడాలా?" అన్నారాయన. ఆ మాట మెత్తగానే ఉంది. కదిలేట్టు మాత్రం లేదు.

ధరణి ఆలోచన మాత్రం పరుగెత్తింది. ఆయన తాగరు. కప్పు ఇచ్చినవాడికి ఆ సంగతి తెలియదు. అంటే మందు డోరీన్ కోసం కాదు. సంతోషం గారి కోసమే.

*

ఆరన్ మంచు మైదానం దగ్గర బెంచీ మీద దొరికాడు. రాళ్ళు జరిపే ఆ పొడుగాటి గదిలో హీటర్లు ఆపేశారు. మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది.

"ఇక్కడేం చేస్తున్నావు చలిలో?"

"లోపల ఊపిరాడట్లేదు," అన్నాడు ఇంగ్లీషులో. ధరణి తెలుగులో ఎంత మాట్లాడినా అతను ఇంగ్లీషులోనే జవాబిస్తాడు.

"అంకుల్‌కి పొద్దున కాఫీ ఇచ్చింది నువ్వేనా?"

"అవును. ఆయనే అడిగారు. గొంతు ఎండిపోతోంది, ఒక కాఫీ తెచ్చిపెట్టు, రెండు చెంచాల చక్కెర వెయ్యి అన్నారు. ఇచ్చి, ఫోన్ వస్తే బయటికి వెళ్ళాను. తర్వాత ఆయన దాన్ని ఏం చేశారో నాకు తెలీదు."

"ఆయనే అడిగారు."

"యా."

"ఆరన్, మీ చర్చిలో శుక్రవారం ఏముంటుంది?"

ఈ ప్రశ్న ఎందుకో అతనికి అర్థం కాలేదు. "యూత్ నైట్. బేస్‌మెంట్‌లో. చిన్నప్పటి నుంచీ అంతే. పిజ్జా, గేమ్స్."

"పైన?"

"పైన పెద్దవాళ్ళకి ఏదో ప్రేయర్ ఉంటుంది. చాలాసేపు. తెలుగులో."

"అది ఉపవాస ప్రార్థన. మీరు కింద పిజ్జా తింటున్నంతసేపూ పైన వాళ్ళు పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చుంటారు. సంతోషం అంకుల్ శుక్రవారం నిన్ను కాఫీ అడిగారా? ఎవరితో చెబుతున్నావు బాబూ?"

ఆరన్ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నాకు... నాకు ఎవ్వరూ చెప్పలేదు," అన్నాడు. అది తెలుగులో అన్నాడు. ఆ రోజు అతని నోట వచ్చిన మొదటి తెలుగు మాట.

"ఆయన ఎవరికీ చెప్పరు. మాత్రలు ఆయన సంచిలోంచే తీశావు. సంచి మోసింది నువ్వేగా."

అతను బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత అంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. కొత్త మ్యాపులో సస్కటూన్ పడమటి వైపు పేటలన్నీ ఒకే నియోజకవర్గంలోకి వస్తాయి. ఇన్నాళ్ళూ వాటిని మూడు ముక్కలు చేసి మూడు దూరపు శివార్లకు అతికించారు. ఎవరికి ఓటేసినా ఆ పేటల మొర వినే నాథుడు లేడు. సంతోషం గారూ డోరీన్ కలిసి దాన్ని సరిచేశారు. అయితే ఆ మూడు ముక్కల్లో ఒకటి కలిసి ఉన్నది ఆరన్ పార్టీ నాయకురాలి సీటులో. అది ఊడితే ఆమె సీటు పోతుంది.

"మీ పార్టీ ఆయన్ని నామినేట్ చేసింది తమ సీటు కాపాడతాడని," అంది ధరణి. "ఆయన కాపాడలేదు."

"ఎవరికీ ఏమీ కాదని ఆఫీసులో అన్నారు. ముసలాయన కాసేపు నిద్రపోతాడు, గడువు దాటిపోతుంది, అంతే అన్నారు. ఆయన నన్ను స్కూలుకి డ్రైవ్ చేసేవారు ఆంటీ. నాన్న షిఫ్టుల్లో ఉన్నప్పుడు రోజూ ఆయనే." అతను చేతి వెనకతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఇప్పుడేం చేస్తారు?"

"నువ్వు ఇక్కడి నుంచి కదలకు," అని ధరణి లేచింది.

జడ్జి గది వైపు దాదాపు పరుగెత్తింది. తలుపు గడియ మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఏదో ఒక పార్టీ చేయి ఉందని నా ముందు బయటపడితే, ఆ క్షణమే... జడ్జి మాటలు గుర్తొచ్చాయి.

నిజం చెబితే సంతోషం గారు బయటపడతారు, మ్యాపు చచ్చిపోతుంది. ఆరన్‌ని పంపినవాళ్ళు కోరుకున్నదీ అదే. చెప్పకపోతే మ్యాపు బతుకుతుంది, ఆయన చేతులకు సంకెళ్ళు పడతాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నిజం దొరికాక ఏం చెయ్యాలో తోచకపోవడం ధరణికి ఇదే మొదటిసారి.

*

"నాకు తెలుసమ్మా," అన్నారు సంతోషం గారు.

కోట్ల గదిలో ఆమె మోకాళ్ళ మీద కూర్చుని అంతా గుసగుసగా చెప్పింది. ఆయన ఆశ్చర్యపోలేదు.

"డోరీన్ ఒరిగిపోగానే తెలిసింది. ఆ కప్పు ఎవరిచ్చారో నాకు తెలుసు కదా. వాడి మొహం కూడా చూశాను. జడ్జి గారు ఆ మాట అనకముందే చట్టంలో ఆ సెక్షన్ నేను చదివాను. అందుకే నోరు మూసుకున్నాను."

"ఓటు ఎలా వేస్తారు? మిమ్మల్ని అరెస్టు చేశాడు!"

"గదిలో ఉండాలన్నారు. చేతులు ఖాళీగా ఉండాలనలేదు." ఆయన కళ్ళలో కొంటెతనం మెరిసి మాయమైంది. "డోరీన్ లేస్తే చాలు. నాలుగింటిదాకా నువ్వు కూడా ఉపవాసమే అనుకో, మాటల ఉపవాసం. తర్వాత నీ ఇష్టం."

"తర్వాత నేను చెప్పినా సార్జెంట్ నమ్మకపోతే?"

ఆయన నవ్వి, రెండు మణికట్టులూ పక్కపక్కన ఆనించి చూసుకున్నారు. దాని అర్థం ఆమెకు తెలిసింది. ఆయన లెక్కలో తర్వాత అనేది లేదు.

సార్జెంట్‌తో మళ్ళీ యుద్ధమైంది.

"ఖైదీని మీటింగుకి తీసుకురావాలా? టీ, బిస్కెట్లు కూడా పెట్టనా?"

"ఆయన తినరులే, ఖర్చు లేదు," అంది ధరణి. "నీకు ధైర్యముంటే జడ్జి గారి ముందు కాదను. ప్రతిపక్ష సభ్యుణ్ణి పోలీసులే గదిలో పెట్టి తాళం వేసి ఓటు ఆపారని రేపు పేపర్లో నీ పేరు చూసుకో."

సార్జెంట్ నిప్పులు కక్కుతూ చూశాడు. "అతని పక్కన నేనుంటాను. చేతులకు సంకెళ్ళు వేస్తాను, తీయను."

"తీయకు."

*

మూడున్నర దాటాక డోరీన్ ఫ్రీసెన్ కళ్ళు తెరిచింది. నర్సు మొహం మీద తడిగుడ్డ అద్ది, అటూ ఇటూ నడిపించింది. దుప్పటి కప్పుకుని, జుట్టు రేగిపోయి, తూలుతూ వచ్చి కుర్చీలో కూలబడింది.

"జీవితమంతా టీచర్ల మీటింగుల్లో నిద్ర ఆపుకున్నాను," అంది. "చివరికి ఇక్కడ పోయింది నా పరువు." అంతలో ఎదురుగా ఉన్న సంకెళ్ళు చూసింది. "ఇదేమిటి? ఈయనా? నాకు మందు పెట్టేవాడైతే ముందు నా సరిహద్దు గీతలతో ఏకీభవిస్తాడా?"

"ఆ సంగతి తర్వాత మేడమ్," అన్నాడు సార్జెంట్.

సంతోషం గారు చేతులు టేబుల్ మీద పెట్టారు. ఉక్కు చెక్కకు తగిలి టక్కుమంది. ఆరన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అతను ఎప్పుడొచ్చాడో ధరణి గమనించలేదు. అతని చూపు ఆ చేతుల మీద అతుక్కుపోయింది. చిన్నప్పుడు తనకు స్కూలు బ్యాగు తగిలించిన చేతులవి.

కదలకు అని చెప్పాను కదరా, అనుకుంది ధరణి. లేచి అతని వైపు నడవబోయింది.

"రెండు పార్టీల సభ్యులూ గదిలో ఉన్నారు," అన్నారు జడ్జి మెక్రే. "తుది మ్యాపును ఓటుకు పెడుతున్నాను. ఆమోదించేవారు..."

"ఆపండి!"

ఆరన్ గొంతు. హాలంతా అటు తిరిగింది. అతని చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"ఆయన చెయ్యలేదు. ఆ కాఫీలో మందు కలిపింది నేను. ఆయన కోసం కలిపాను. మా ఆఫీసులో చెప్పారు, నేను చేశాను. ఆయన చేతులు విప్పండి, ప్లీజ్."

ధరణి మళ్ళీ కుర్చీలో కూర్చుండిపోయింది. పాపం కుర్రాడు ఆయన్ని విడిపిస్తున్నాననుకుంటున్నాడు.

జడ్జి చేతిలో కలం ఆగింది. ఆయన మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది. "నువ్వు పార్టీ ఉద్యోగివా?" అన్నారు.

"ఎస్."

"అయితే నాకు..."

"వాడు అబద్ధం చెబుతున్నాడు."

సంతోషం గారు లేచి నిలబడ్డారు. సంకెళ్ళతో ఉన్న చేతులు గుండెల దగ్గర పెట్టుకున్నారు. మఫిన్ వద్దనడానికి కూడా అబద్ధమాడలేని మనిషి, ఒక్కో మాటా తూచినట్టు చెప్పారు.

"ఈ కుర్రాడు నన్ను కాపాడాలని చూస్తున్నాడు. చిన్నప్పటి నుంచి నా దగ్గర పెరిగాడు, అందుకని. మందు నేనే కలిపాను. మాత్రలు నావి. కప్పు నా చేతిదే, మీరే చూశారు. ఎందుకు చేశానో నా లాయరుతో చెబుతాను. ఏ పార్టీకీ ఇందులో సంబంధం లేదు. మీరన్నట్టు, నేరం రుజువయ్యేదాకా నేను సభ్యుణ్ణి. ఓటు అడగండి."

"అంకుల్, నో!" అని ఆరన్ అరిచాడు.

"నేను ముందే చెప్పాను," అన్నాడు సార్జెంట్, ఛాతీ విరుచుకుంటూ.

డోరీన్ ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి చూస్తోంది. బయట గాలి గోడల్ని రాచుకుంటూ పోతోంది.

జడ్జి మెక్రే కలం కింద పెట్టారు. తర్వాత మెల్లగా తల తిప్పి ధరణి వైపు చూశారు.

"మిస్ ధరణీ, పొద్దుటి నుంచి అందరినీ ప్రశ్నించింది మీరు. ఈ కమిషన్ ముందు నిజమే చెబుతానని ప్రమాణం చేసి ఉద్యోగంలో చేరారు. వీళ్ళిద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు." ఆయన ఆగి ఊపిరి తీసుకున్నారు. "ఎవరు?"

సంతోషం గారు ఆమె వైపు చూడలేదు. తల వంచి కళ్ళు మూసుకున్నారు. పగిలిన పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి.

ధరణి లేచి నిలబడింది.